చిలుము పట్టిన తీగ

నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 నెల రోజులుగా పొద్దున పూట మొరాయిస్తోంది. తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు నీరసంగా రెండు చుట్లు తిరిగి ఆగిపోయేది. బ్యాటరీ అమ్మే దుకాణంలో చూపిస్తే, మీటరైనా పెట్టకుండా కొత్త బ్యాటరీ వేయించుకోమన్నారు. ఉన్న బ్యాటరీ వేసి ఏడాది కూడా కాలేదు కనుక నాకు నమ్మకం కుదరలేదు.

ఈ రోజు రెండో శనివారం కావడంతో తీరికగా బానెట్ ఎత్తాను. బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, అంటే నిండుగానే ఉంది. తరువాత మీటరు తీగల్లో ఒకటి బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కూ రెండోది ఇంజను లోహానికీ ఆనించి, తమ్ముడిని సెల్ఫ్ కొట్టమన్నాను. ఆ కాసేపూ మీటరు 1.3 వోల్టులు చూపించింది. ఈ రెండింటినీ కలిపే ఎర్త్ వైరు మంచిదైతే 0.2 దగ్గరే ఉండాలి. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది కాబట్టి, దారిలో ఓములో వందో వంతు నిరోధం ఉన్నా ఒక వోల్టు అక్కడే ఖర్చయిపోతుంది.

పదో నంబరు పానాతో ముందు మైనస్, ఆ తరువాత ప్లస్ విప్పాను. మైనస్ ఉండగా ప్లస్ విప్పితే, పానా బాడీకి తగిలిన మరుక్షణం షార్ట్ అవుతుంది. పైకి ఏ లోపమూ కనిపించని ఎర్త్ వైరు తొడుగును కోసి చూస్తే, జానెడు పొడవున రాగి పోగులన్నీ ఆకుపచ్చని పొడిగా రాలాయి. పూజగదిలోని కుందులకు పట్టిన చిలుమును చింతపండుతో తోమి వదిలించవచ్చు గాని, పోగుల లోపలికి దిగినదాన్ని ఏం చేయగలం?

ఆటోనగర్‌లో నాకు తెలిసిన పెద్దాయన ప్లస్, మైనస్ తీగలు రెండూ కొత్తవి చేసిచ్చారు. "పాతదాని కంటే సన్నం తీగ మాత్రం వేయొద్దు బాబూ" అంటూ తీగల చివర్లకు తొడిగే లోహపు లగ్గులను మిషనుతో గట్టిగా నొక్కి, పైన స్లీవు ఎక్కించారు. ఇంటికి వచ్చి టెర్మినళ్లను వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, ఎర్త్ బోల్టు కింది తుప్పును ఉప్పుకాగితంతో మెరిసేదాకా గీకి, ముందు ప్లస్, చివర మైనస్ బిగించి, పైన వాసెలిన్ రాశాను.

ఈసారి మీటరు 0.15 దాటలేదు. మొదటి తిప్పుకే ఇంజను అందుకోగానే, వరండాలో పేపరు చదువుతున్న నాన్నగారు లేచి వచ్చి, ఏమీ అనకుండా డ్రైవరు సీట్లో కూర్చుని, ఇంజను ఆపి మళ్లీ తాళం తిప్పి చూసుకున్నారు.