క్లాసు ఎక్కని ఈఎక్స్‌ఈ

ఇవాళ సగం రోజు ఎర్రర్ 7కే పోయింది. టెస్ట్ బెంచ్ కోసం ల్యాబ్‌వ్యూలో (బొమ్మలు, వైర్లు కలిపి ప్రోగ్రాం రాసే టూల్) చేసిన ప్రోగ్రాం నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది, దాన్ని ఈఎక్స్‌ఈగా మార్చే బిల్డ్ కూడా ఏ గొడవా లేకుండా పూర్తయింది, తీరా ల్యాబ్‌వ్యూ లేకుండా, ఈఎక్స్‌ఈని నడిపే రన్‌టైమ్ ఇంజిన్ మాత్రమే ఉన్న ల్యాబ్ పీసీలో పెట్టి పవర్ సప్లై మోడల్ ఎంచుకోగానే ఫైల్ దొరకలేదని ఈ ఎర్రర్ 7 మెసేజ్. అందులోని పాత్ చూస్తే మధ్యలో డాట్ ఈఎక్స్‌ఈ ఒక ఫోల్డర్‌లా ఉంది, దాని లోపల డ్రైవర్స్, చివర డాట్ ఎల్‌వీక్లాస్, అంటే ఆ మోడల్‌ని నడిపే క్లాసు ఫైల్. అంటే ఈఎక్స్‌ఈ కడుపులో వెతికింది, అక్కడ లేదు.

"అన్నా, ప్రాజెక్టు ట్రీలో కనిపిస్తోంది కదా, లోపలికి ఎందుకు రాలేదు?" అన్నాడు మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. మంచి ప్రశ్నే. ట్రీలో ఉన్నంత మాత్రాన బిల్డర్ తీసుకోదు. స్టార్టప్ వీఐ (ముందుగా నడిచే ల్యాబ్‌వ్యూ ప్రోగ్రాం ఫైల్) నుంచి మొదలుపెట్టి ఏది దేన్ని పిలుస్తుందో చూసుకుంటూ వెళ్లి, దొరికినవే ప్యాక్ చేస్తుంది. మా దాంట్లో అన్ని మోడళ్లకీ ఉమ్మడిగా ఉన్న పేరెంట్ క్లాసు వరకే ఆ లింకు ఉంది. ఒక్కో మోడల్‌కి ఉన్న చైల్డ్ క్లాసుల్లో ఏది కావాలన్నది ఐఎన్‌ఐ అనే సెట్టింగుల ఫైల్లోంచి చదివి, పాత్ తయారుచేసి, రన్ అయ్యేటప్పుడు లోడ్ చేస్తాం. ఆ పేరు బిల్డర్‌కి వట్టి స్ట్రింగే, పాపం దానికెలా తెలుస్తుంది? నా ల్యాప్‌టాప్‌లో డిస్క్ మీద ఫైల్ ఉంది కాబట్టి అక్కడ బండి నడిచిపోయింది.

బిల్డ్ స్పెసిఫికేషన్‌లో సోర్స్ ఫైల్స్ పేజీకెళ్లి రెండు చైల్డ్ క్లాసులనూ ఆల్వేస్ ఇన్‌క్లూడెడ్‌లో వేస్తే పని అయిపోతుంది. అక్కడే అడ్వాన్స్‌డ్‌లో పాత 8.x వెర్షన్ల ఫైల్ లేఅవుట్ టిక్కు లేదని కూడా చూసుకున్నాను. ఆ లేఅవుట్‌లో అన్నీ ఒకే చోట పడతాయి, పేరెంట్ మెథడ్‌కీ (క్లాసులోని ఫంక్షన్) దాన్ని ఓవర్‌రైడ్ చేసే చైల్డ్ మెథడ్‌కీ ఏమో ఒకే పేరు ఉండి తీరాలి, పేర్లు ఢీకొని కొన్ని ఫైళ్లు ఈఎక్స్‌ఈ బయట ఫోల్డర్లలోకి పోతాయి. 2009 వెర్షన్ నుంచి ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టే లోపలికి వస్తున్నాయి, ఆ బాధ తప్పింది.

అయినా నేను చివరికి వేరే దారి పట్టాను. రెండు క్లాసుల కాన్‌స్టెంట్లనూ డయాగ్రమ్ (ప్రోగ్రాం బొమ్మ) మీద, మోడల్‌ని బట్టి ఒకటి ఎంచుకునే కేస్ స్ట్రక్చర్‌లో పెట్టేశాను, బిల్డర్‌కి నేరుగా లింకు దొరికేలా. రేపు ఎవరైనా క్లాసు తీసేస్తే రన్ బటన్ మీది బాణం అక్కడికక్కడే విరుగుతుంది, ప్రోగ్రాం నడవదు, కస్టమర్ దగ్గర కాదు. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా మళ్లీ బిల్డ్ చేయాలి, నిజమే, కానీ ఉన్న రెండు సప్లైలకి క్లాసుల్ని రన్ అయ్యేటప్పుడు బయటి నుంచి తెచ్చుకునే ప్లగిన్ హంగామా ఎందుకు.

సాయంత్రానికి రెండూ ల్యాబ్ పీసీలో పలికాయి. మల్టీమీటర్ క్లాసులు ఇంకా ఐఎన్‌ఐ మీదే నడుస్తున్నాయి, వాటి పని సోమవారం పట్టాలి.