హోటల్ తనిఖీ: మార్కులు పోయేది ఫ్రిజ్ దగ్గరే

ఫుడ్ సేఫ్టీ వాళ్లు చెప్పి రారు. హైదరాబాద్‌లో మా హోటల్‌కు మధ్యాహ్నం రద్దీ వేళకే వచ్చారు. ముందు కాగితాలు అడిగారు: లైసెన్సు (కస్టమర్లకు కనబడేలా గోడకు ఉండాలి), నీళ్ల టెస్ట్ రిపోర్టు, పెస్ట్ కంట్రోల్ రికార్డు, సిబ్బంది మెడికల్ సర్టిఫికెట్లు. మెడికల్ ఏటా చేయించాలి. అందరికీ ఒకేసారి చేయించేసి ఊరుకుంటే, ఆ తర్వాత పనిలో చేరినవాళ్ల కాగితం ఉండదు. మా దగ్గర వాళ్లకు దొరికిన మొదటి లోపం అదే. పాతికమంది పనివాళ్లకు ఒకరైనా ఫాస్టాక్ (ఆహార భద్రత) శిక్షణ పొందినవాళ్లు ఉండాలి.

వాళ్ల తనిఖీ చెక్‌లిస్టులో చుక్క (*) గుర్తున్న అంశాలకు 4 మార్కులు, మిగతావాటికి 2. చుక్క గుర్తున్నది ఒక్కటి తప్పినా, మిగతాదంతా ఎంత బాగున్నా పాస్ కారు. అందుకే ముందు వాటినే సరిచేసుకోవాలి.

అసలు పని ఫ్రిజ్ దగ్గర. లోపల 5 డిగ్రీలు దాటకూడదు, డీప్ ఫ్రీజర్ మైనస్ 18 ఉండాలి. డిస్‌ప్లే మీది అంకెను నమ్మకండి, విడిగా థర్మామీటర్ పెట్టండి. అది సరిగ్గా ఉందో లేదో చూడాలంటే నలగ్గొట్టిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో ముంచండి, సున్నా చూపించాలి. మా ఫ్రిజ్ 9 చూపించింది. మిషన్ బాగానే ఉంది. రాత్రి మిగిలిన గ్రేవీని డేక్సాతోనే లోపల పెట్టడమే కారణం. నిండు డేక్సా నడిమధ్యన గంటలకొద్దీ వేడిగానే ఉంటుంది, పక్కనున్న చికెన్‌నూ వేడెక్కిస్తుంది. ఇప్పుడు రెండంగుళాల లోతు మించకుండా ట్రేల్లో పోసి, చల్లారాక పెడుతున్నాం.

పచ్చి మాంసం కింది అరలో, వండినవి పైన, అన్నిటికీ మూత. అల్లంవెల్లుల్లి ముద్ద దగ్గర్నుంచి మ్యారినేషన్ దాకా ప్రతి డబ్బాకూ మాస్కింగ్ టేప్ మీద పేరు, చేసిన తేదీ, వాడాల్సిన తేదీ రాయాలి. తేదీ లేని డబ్బాను అక్కడికక్కడే పారబోయించారు. అది నిన్న చేసిందేనని నోటితో చెబితే చెల్లదు.

మంచూరియా, చికెన్ 65లో రంగు వేయకండి, కశ్మీరీ కారంతోనే ఎరుపు వస్తుంది. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (మళ్లీ మళ్లీ కాగిన కొద్దీ పెరిగే పాడు పదార్థాలు) 25 శాతం దాటితే మార్చేయాలి, చేతిమీటరుతో నిమిషంలో తెలిసిపోతుంది.

శాంపిల్ తీస్తే నాలుగు భాగాలు చేస్తారు. ఒక భాగం గుర్తింపు పొందిన ల్యాబుకు పంపమని మనం కోరవచ్చు. ఆ హక్కు చాలామందికి తెలియదు, అప్పుడే రాతపూర్వకంగా అడగాలి.

లోపాలుంటే వాటిని సరిచేయమని ఇంప్రూవ్‌మెంట్ నోటీసు వస్తుంది. అందులో కనీసం 14 రోజుల గడువిస్తారు. మేం ఒక్కో లోపానికి ఫొటో, బిల్లు, తేదీ జతచేసి జవాబిచ్చాం. మళ్లీ వచ్చినప్పుడు వాళ్లు అడిగింది ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసే పుస్తకం. పొద్దున, సాయంత్రం సంతకంతో రాసి ఉంది. దాన్ని లోపలి థర్మామీటర్‌తో సరిచూసుకుని వెళ్లారు.