గాడేరులో ఆరు గంటలు

మస్కట్ టికెట్ బుక్ అయ్యాక చేతిలో పది రోజులు మిగిలాయి. పుట్టి పెరిగింది రాజమండ్రిలో, ముప్పై ఏళ్లొచ్చాయి, గోదారి సముద్రంలో కలిసే చోటు మాత్రం చూడలేదు. ఈ మాట అన్నందుకు యానాంలో ఉండే నా స్నేహితుడు నవ్వాడు. "మా బాబాయికి పడవ ఉంది, వచ్చెయ్" అన్నాడు.

ఇంజను పడవ అనుకుని వెళ్లాను. తీరా చూస్తే తెరచాప నావ. ఇంజనుందిగానీ సంక్రాంతికి ముందే మూలపడిందట. "యానాంలో డీజిల్ చవకే కదా బాబాయ్, బాగు చేయించొచ్చుగా" అన్నాను. "గాలి ఇంకా చవకండి" అన్నారాయన. తెరచాపేమో యూరియా సంచులు విప్పి కుట్టింది. సంచి మీద నత్రజని శాతం తెలిపే 46 అంకె సరిగ్గా నడిమధ్య తలకిందులుగా ఉంది. మూడు రోజులు దాన్నే చూస్తూ ప్రయాణం చేశాను.

తెల్లవారుజామున ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీచే గాలి, దానికి తోడు పాటు, అంటే సముద్రం వైపు తీసే నీరు. బాలయోగి వారధి వెనక్కి వెళ్లిపోయింది. గోదారి పాయ గౌతమి ఇక్కడ నదిలా ఉండదు, అవతలి ఒడ్డు కొబ్బరిచెట్ల గీత మాత్రమే. దారిలో లంకకీ తిప్పకీ తేడా అడిగాను. "ఊరు కడితే లంకండి, కట్టనివ్వకపోతే తిప్ప." మరి బలుసుతిప్పలో ఊరుంది కదా అని మావాడు పట్టుకున్నాడు. "ఆయ్, అక్కడ జనం మొండోళ్లండి."

ఆ రాత్రి భైరవపాలెంలో వాళ్ల బంధువులింట్లో పీతల కూరా అన్నం తిని పడుకున్నాం.

రెండో రోజు గాడేరు. గౌతమి నుంచి చీలి, మడ అడవిలోంచి ఉత్తరంగా 11 కిలోమీటర్లు పోయి కాకినాడ అఖాతంలో పడే పాయ ఇది. కోరింగ అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి ముందే తీసుకున్నాం. పాటు మీద హాయిగా జారుకుంటూ పోతున్నాం. ఒడ్డున ఏదో కదిలితే నీటికుక్కలేమోనని "అటు పోనివ్వండి బాబాయ్" అన్నాను. ఆయన నా మాట కాదనలేక చుక్కాని తిప్పారు. తప్పంతా నాదే. నావ బురదలో మెత్తగా కూర్చుంది. టైం తొమ్మిదిన్నర.

గెడతో నెట్టాం, దిగి నెట్టాం. మోకాలి దాకా దిగబడ్డానే తప్ప నావ అంగుళం కదల్లేదు. బాబాయి మాత్రం బీడీ వెలిగించారు. "పన్నెండున్నరకి అడుగు కనిపిస్తాదండి. మూడున్నరకి మళ్లీ ఇక్కడికొస్తాది నీరు. అప్పటిదాకా ఏం చేసినా అంతే." నాకేమో టెన్షన్. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు.

నీరు తీసేకొద్దీ ఒడ్డు పైకి లేచినట్టయింది. ముందు తెల్లమడ చెట్ల ఊపిరి వేళ్లు బయటపడ్డాయి, పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకు వేలు. తర్వాత వేలెడంత బురద చేపలు, ముందు రెక్కలమీద పాకుతూ, ఉన్నట్టుండి ఎగురుతూ. తర్వాత చిన్న పీతలు. మగపీతకి ఒక డెక్క దాదాపు ఒళ్లంత ఉంది. దాన్ని ఎత్తి దించి, ఎత్తి దించి, ఎవర్నో రమ్మన్నట్టు పిలుస్తోంది. గంటసేపు ఒక్క పీతనే చూశాను. ఎవరూ రాలేదు. కొమ్మ పట్టుకోబోతే బాబాయి గట్టిగా అరిచారు, అది తిల్ల చెట్టట. పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం.

ఇసుక పోసిన డబ్బాలో పొయ్యి రాజేసి, ఎండు మెత్తళ్లు టమాటాలో వేసి వండారు. మూడున్నరకి, ఇంకో నాలుగు నిమిషాలకి, నావ ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది. ఎదురుగా పోటు, అంటే సముద్రం నుంచి ఎక్కే నీరు, వెనక సముద్రపు గాలి. రెండింటి పోరులో పాయ దాటేసరికి చీకటి పడింది. లంగరేసి నావలోనే పడుకున్నాం.

మూడో రోజు పొద్దున ఒడ్డు గాలి అందుకుని హోప్ ఐలాండ్ చేరాం. పేరుకే ద్వీపం, నిజానికి గౌతమి మోసుకొచ్చిన ఇసుక దాదాపు 200 ఏళ్లలో పేరుకున్న 16 కిలోమీటర్ల దిబ్బ. ఇప్పుడు కాకినాడకి కెరటాల్ని అడ్డుకునేది ఇదే. 1789లో, మళ్లీ 1839లో కోరింగ రేవుని ఉప్పెన ముంచినప్పుడు ఈ అడ్డు ఇలా లేదు.

సముద్రం వైపు ఇసుకలో ట్రాక్టరు టైరు పోయినట్టు ఒక చార పైకొచ్చి, మళ్లీ నీళ్లలోకి దిగింది. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిన దారి. ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లుంటాయి. కాస్త అవతలే ఇంకో తాబేలు చచ్చి పడి ఉంది. "వలలో పడి ఊపిరాడదండి" అన్నారు బాబాయి, ఎవరి వలో అనలేదు.

మధ్యాహ్నం గాలి తిరిగింది. నాలుగింటికి కాకినాడలో దిగాం. టీ తాగుదాం రండన్నాను. "పోటుంది, దాని మీదే గాడేరులో దూరిపోవాలండి" అంటూ తాడు విప్పేశారు. నావ పదడుగులు కదిలాక గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగారు.

"మస్కట్‌లో పోటు ఎన్నింటికండీ?"

చూసి ఫోన్ చేస్తానన్నాను.