బావ చేయించుకున్న ల్యూట్

మొన్న అనంతపురంలో అక్కోళ్ళింటికి పోతే బావ ల్యూట్ తీసి చూపించినాడు, అదే, యూరప్‌లో వందల ఏండ్ల నాటి తీగల వాయిద్యం, అప్పటి పద్ధతిలోనే చేత్తో చేయించుకున్నది, చూస్తే బొప్పాయిని నిలువునా కోసినట్టుండాది. బరువే లేదబ్బా! మా అవ్వ వీణకి పనస మొద్దు తొలిచినారు కదా, దీనికి పల్చటి చెక్క బద్దలు వంచి ఒకదానికొకటి అతికించినారు. మెట్లు కూడా మైనంలో పెట్టినవి కాదు, మెడ చుట్టూ దారం ముడేసినట్టు కట్టిండారు, కావాలంటే జరుపుకోవచ్చు, నాకు అదే భలే నచ్చింది. ఆరు వరసలు, సన్నది ఒక్కటే ఒంటి తీగ, తక్కినవన్నీ జంటలు, మొత్తం 11. పాతకాలంలో పేగు తీగలంట, తేమకి మాటిమాటికి శృతి తప్పుతాయని ఈయన నైలాన్ వేయించుకున్నాడు, మంచిపనే చేసినాడు.

గిటార్ ఉన్నోళ్ళు మూడో తీగ అర స్వరం దించి మూడో మెట్టు మీద కాపో, అంటే తీగలన్నిట్నీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, పెడితే ఇదే శృతి వస్తాది.

"వాయించు బావా" అంటే శృతి చేసేకే అర్ధగంట, అక్క ఇచ్చిన టీ చల్లారిపాయ, వాయించింది రెండే నిమిషాలు.