సూది గుచ్చితే కండరం ఎందుకు అదురుతుంది?

డ్రై నీడ్లింగ్, అంటే నొప్పి తగ్గడానికి కండరంలోకి సూది గుచ్చే చికిత్స, చేయించుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది నొప్పి గురించి కాదు, ఆ అదురు గురించే. "మేడమ్, లోపల షాక్ కొట్టినట్టు ఎగిరింది, నరానికి ఏమైనా తగిలిందా?" అని కంగారు పడిపోతారు.

మెడ నుంచి భుజం మీదికి దిగే ట్రెపీజియస్ కండరాన్ని వేళ్లతో నెమ్మదిగా నిమిరితే ఒక్కోచోట తీగలా బిగుసుకున్న పోగు తగులుతుంది. దాని మీద ఒక చోట నొక్కగానే మనిషి ఉలిక్కిపడతాడు, నొప్పి ఒక్కోసారి కణతల దాకా పాకుతుంది. అదే ట్రిగర్ పాయింట్. మందేమీ లేని సన్నటి సూది సరిగ్గా అక్కడికి చేరితే ఆ పోగు మాత్రమే ఒక్కసారి ఎగిరి, సెకను తిరిగేలోపే ఆగిపోతుంది. అది వెన్నుపాము దాకా వెళ్లి తిరిగొచ్చే రిఫ్లెక్స్ అని కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది, కండరానికి వెళ్లే నరాన్ని కోసేస్తే ఆ అదురు దాదాపు పోయింది.

నన్ను అంతకన్నా పట్టేసిన విషయం, సూది గుచ్చకముందు ఆ కండరం ఏం చేస్తోందన్నది. విశ్రాంతిగా ఉన్న కండరంలో ఈఎంజీ (కండరంలోని విద్యుత్ చర్యను నమోదు చేసే పరీక్ష) గీత తిన్నగా సాగాలి. కానీ 1993లో హబ్బర్డ్, బెర్కాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ట్రిగర్ పాయింట్‌లో సూది ఎలక్ట్రోడ్ పెట్టి చూస్తే అక్కడ విద్యుత్ చర్య ఆగకుండా కనిపించింది, పక్కనే ఉన్న నొప్పి లేని పోగుల్లో ఏమీ లేదు. మరుసటి ఏడాది వాళ్ల బృందమే మనుషుల చేత మనసులో లెక్కలు చేయించింది. ఆ ఒత్తిడికి ట్రిగర్ పాయింట్‌లో సిగ్నల్ పెరిగింది, పక్క కండరంలో పెరగలేదు. ఆఫీసులో టెన్షన్ ఎక్కువైతే మెడ పట్టేస్తుందని పేషెంట్లు చెప్పినప్పుడల్లా నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది.

అయితే ఈ సిగ్నల్ అసలేమిటన్న దగ్గరే గొడవంతా. నరం కండరాన్ని కలిసే చోట, కండరాన్ని కదిలించే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం అవసరానికి మించి కారుతోందని, ఈఎంజీ యంత్రంలో శబ్దంగా వినిపించేది దాని అలజడేనని డేవిడ్ సైమన్స్, హాంగ్ అనే పరిశోధకులు వాదించారు. ఈఎంజీ చేసే డాక్టర్లకేమో ఆ శబ్దం పాతదే. శంఖం చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించే హోరులా ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న కండరంలో కూడా సూది ఆ చోట పడితే వినిపిస్తుంది. ట్రిగర్ పాయింట్లలో అది ఎక్కువసార్లు దొరుకుతుందని సైమన్స్ బృందం 2002లో చూపించింది కానీ, సిగ్నల్ ఉంది కాబట్టి నొప్పికి కారణం అదే అని నేను మాత్రం చెప్పను. సూదితో పొడిచాక ఆ అలజడి తగ్గిందని 2001లో కుందేళ్లలో చూశారు. ఆశ పుట్టించే ఫలితమే, అయినా కుందేలు కుందేలే.

అందుకే అదురు రాలేదని అదే చోట పదేపదే గుచ్చడం నాకు నచ్చదు. అదరకుండానే మెడ తేలికపడినవాళ్లను చూశాను, బాగా అదిరి రెండు రోజులు చెయ్యి ఎత్తలేకపోయినవాళ్లనూ చూశాను.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ట్రెపీజియస్ కింద ఊపిరితిత్తి పైకొస ఉంటుంది, కాబట్టి కండరాన్ని వేళ్ల మధ్య పట్టి పైకెత్తి గుచ్చే మనిషి దగ్గరికే వెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. చేయించుకున్నాక ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టున్నా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి, సూది గుచ్చించుకున్న సంగతి మొదటే చెప్పండి.