పండక్కి నూలు చీర

సంక్రాంతి సెలవులకి గుంటూరులో అత్తగారింట్లో ఉన్నాం. భోగినాడు తలంటుకుని నిజాం అంచున్న మంగళగిరి నూలు చీర కట్టుకుంటే అత్తయ్యగారు, "పండగపూట పట్టు కట్టుకోవచ్చు కదమ్మా" అన్నారు. గారెల బాణలి ముందు పట్టుచీరతో ఎవరు నిలబడతారు చెప్పండి! నూలైతే చెయ్యి కొంగుకి తుడుచుకున్నా టెన్షన్ లేదు. ఉతికి గంజి పెడితే మళ్లీ ఫెళఫెళలాడుతుంది. ఇస్త్రీ బాధంటారా, అది మా ఆయన ఖాతాలో వేశాను.

మా అమ్మాయి పొద్దున్న జీన్స్‌లోనే గొబ్బెమ్మలు పెట్టి, గుమ్మడిపూలు గుచ్చింది. సాయంత్రం బొమ్మల కొలువు పేరంటానికి మాత్రం నా వెంకటగిరి చీరే కావాలంది. కుచ్చిళ్లు సర్ది పిన్నులు పెట్టేసరికి నా నడుం పడిపోయింది. అద్దంలో చూసుకుని "బాగానే ఉన్నానుగా" అంటోంది. బాగానే ఏంటే! నా జాకెట్టు దానికి అతికినట్టు సరిపోయింది, నేనింకా అదే నమ్మలేకపోతున్నా.