ఛాంపియన్ కానివాడి ట్రాక్ మీద సైకిలు

మాంట్రియాల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక ఖాళీ రోడ్డు. పాత ఊరు, పెద్ద చర్చి, కొండ మీది నుంచి నది, అన్నీ అయ్యాయి. ఆ ఫోటోలు అక్క ఫోన్‌లో ఉన్నాయి. వేయించిన బంగాళాదుంప ముక్కల మీద చీజు వేసి గ్రేవీ పోసిచ్చే పూటీన్ ప్లేటు పదహారు డాలర్లు. దాని మీద పన్ను, ఆ పైన టిప్పు ఎంతిస్తావని మెషీన్ అడుగుతుంది. రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మానేస్తే తప్ప ఇక్కడ ముద్ద దిగదు.

జీల్ విల్‌నెవ్ అనే డ్రైవరు పేరున్న ఇక్కడి ఫార్ములా వన్ కార్ రేసుల ట్రాక్ చూసి తీరాలన్నది నా పట్టు. మిస్సిసాగా నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన మా బావ మాత్రం మొదటినుంచీ వంకలు పెడుతూనే ఉన్నాడు. ఆయన షూమాకర్ భక్తుడు, ఫెరారీ వీరాభిమాని. ఏడు ప్రపంచ టైటిళ్ళ షూమాకర్ తర్వాతే ఎవరైనా. "ఒక్కసారి కూడా ఛాంపియన్ కానివాడి పేరు పెట్టుకున్నారంటే అది సొంతూరి అభిమానంరా, ఇంకేం లేదు" అని తేల్చేసి, అక్కనూ పిల్లల్నీ తీసుకుని బయోస్ఫియర్ మ్యూజియం వైపు వెళ్ళిపోయాడు. విల్‌నెవ్ నడిపిందీ ఫెరారీయే కదా అంటే వినిపించుకోలేదు.

బెర్రి-ఉకామ్‌లో పసుపు లైను ఎక్కితే నది కింద నుంచి ఒక్కటే స్టేషను, జాన్ ద్రాపో. ఆ ఒక్క స్టేషనుకీ 3 డాలర్ల 75 సెంట్లు తీసుకున్నారు. ట్రాక్ ఉన్న నోత్ర్ దామ్ దీవి అసలు దీవే కాదు. 1967 ఎక్స్‌పో కోసం, ఈ మెట్రో తవ్వినప్పుడు వచ్చిన మట్టి కూడా పోసి నదిలో కట్టుకున్నారు. బయట బిక్సీ సైకిలు అద్దెకు తీసుకుని, గేటెక్కడుందా, టిక్కెట్టెంతా అని చూసుకుంటూ పోతున్నాను. గేటూ లేదు, టిక్కెట్టూ లేదు. నా ముందు చక్రం అప్పటికే ట్రాక్ మీద ఉంది.

నాకు మన నెక్లెస్ రోడ్డు గుర్తొచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు కోసం హుస్సేన్ సాగర్ చుట్టూ సిమెంటు దిమ్మెలూ కంచెలూ పెట్టి రోడ్లు మూసేస్తే, ఖైరతాబాద్ దాటడానికి నా ప్రాణం పోయింది. వెర్న్ అనే డ్రైవరు గెలిచాడు, కంచెలు తీసేశారు, మరుసటి ఏడాది రేసే రద్దయింది. ఇక్కడ రేసు అయిపోగానే 4.361 కిలోమీటర్లూ జనానికి వదిలేస్తారు. సైకిళ్ళు, స్కేట్లు, పిల్లల బండి తోసుకుంటూ పరుగెత్తే తల్లులు. హెయిర్‌పిన్ దగ్గర గడ్డిలో పిల్లికంటే లావుగా, ఉడుత జాతికి చెందిన గ్రౌండ్‌హాగ్ ఒకటి ముందు కాళ్ళు ఎత్తి కూర్చుని వచ్చేపోయేవాళ్ళను తనిఖీ చేస్తోంది. రేసు రోజుల్లో కూడా ఇవి ట్రాక్ మీదికొచ్చి డ్రైవర్లకు టెన్షన్ పెడతాయి.

ఆఖరి మలుపు తర్వాత వచ్చే గోడ దగ్గర ఆగాను. ఛాంపియన్ల గోడ. 1999లో డేమన్ హిల్, షూమాకర్, జాక్ విల్‌నెవ్, ముగ్గురు ప్రపంచ ఛాంపియన్లూ ఒకే రేసులో దీనికి గుద్దుకున్నాక ఆ పేరొచ్చింది. జాక్ ఎవరో కాదు, జీల్ కొడుకే. 1997లో ఛాంపియన్. నాన్న పేరున్న ట్రాక్ మీద ఒక్కసారీ గెలవలేదు. నాన్నేమో తన మొదటి గెలుపు ఇక్కడే గెలిచాడు, ఛాంపియన్ కాలేదు. గోడ మీద తెల్ల పెయింటు కింద నల్లగా టైరు గీత ఒకటి కనిపిస్తోంది. వేలితో గీకి చూశాను, రాలేదు.

"ఆ గోడ కొడుకుది. నీకు కావలసింది అటు ఉంది" అన్నారెవరో వెనకనుంచి. డెబ్బై దాటిన మనిషి, ఎర్ర జెర్సీ, వీపు మీద 27. జీల్ చివరి ఫెరారీ నంబరు. ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం, నా ఫ్రెంచి సున్నా. అయినా గంటసేపు మాట్లాడుకున్నాం. స్టార్టింగ్ లైను దగ్గర నేల మీద రాసిన 'సాల్యూ జీల్', అంటే 'నమస్తే జీల్', దగ్గరికి తీసుకెళ్ళి, అక్షరాల మీద చక్రం పడకుండా సైకిలు పక్కకు తిప్పాడు. నన్నూ తిప్పమన్నాడు.

1978 అక్టోబరులో ఆయన స్టాండులో ఉన్నాడట. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయట. రేసులో ముందున్న జారియే అనే డ్రైవరు బండి చెడిపోవడం, జీల్ గెలవడం, ఊరు ఊరంతా ఊగిపోవడం చేతులతో చూపించాడు. అక్కడినుంచి 1982 ఇమోలా రేసుకు దూకాడు. ముందున్న జీల్‌ను చివరి ల్యాప్‌లో జట్టు సహచరుడు పిరోనీ దాటేశాడు. స్థానాలు మారవని నమ్ముకుని ఉన్న జీల్ మళ్ళీ అతనితో మాట్లాడలేదు. పదమూడు రోజులకు, జోల్డర్ రేసుకు ముందు జరిగే క్వాలిఫయింగ్‌లో చనిపోయాడు, 32 ఏళ్ళకు. పిరోనీ పేరొచ్చినప్పుడల్లా ఈయన నేల మీద ఉమ్మేసినట్టు నటిస్తున్నాడు. అంత కోపం నాకు లేదు. పైగా జీల్ ఏమీ సాధువు కాదు, బండ్లను పీనుగుల్ని చేసేవాడు. 1979లో జాండ్‌ఫోర్ట్‌లో టైరు పేలితే మూడు చక్రాల మీద బండిని ఈడ్చుకుంటూ పిట్‌కు తెచ్చి ఇంకో చక్రం వెయ్యమన్నాడు. వెయ్యడానికి అక్కడ బండి మిగిలితే కదా.

తిరిగి వెళ్ళేటప్పుడు 401 హైవే మీద బావ మళ్ళీ మొదలుపెట్టాడు. నేను ఫోన్‌లో 1979 పాయింట్ల పట్టిక తీశాను. ఛాంపియన్ అయిన జట్టు సహచరుడు షెక్టర్ 51, విల్‌నెవ్ 47. అప్పట్లో సీజన్‌లో ఒక్కో సగం నుంచి బాగా వచ్చిన నాలుగు ఫలితాలే లెక్క. మోన్జాలో షెక్టర్ మొదటి, జీల్ రెండో స్థానం, తేడా అర సెకను. దాటకుండా వెనకే వచ్చాడు. ఆ ఒక్క రేసులో ఇద్దరి స్థానాలూ మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి కలిపాను. విల్‌నెవ్ 50, షెక్టర్ 48.

"మరి దాటాల్సింది. ఎవడాపాడు?"

"జట్టుకిచ్చిన మాట మీద నిలబడ్డాడు బావా."

"మాటకు పాయింట్లు ఎవరిస్తారురా?"

1958లో స్టిర్లింగ్ మాస్ అనే డ్రైవరు కథ చెప్పాను. పోర్చుగల్ రేసులో హాథార్న్‌ను డిస్‌క్వాలిఫై చేయబోతే, పోటీదారుడైన మాస్ తనే వెళ్ళి అతని తరఫున సాక్ష్యం చెప్పాడు. చివరికి ఒక్క పాయింటుతో ఆ హాథార్న్‌కే టైటిల్ దక్కింది. ఆ ఏడాది మాస్‌కి నాలుగు గెలుపులు, హాథార్న్‌కి ఒకటి. బావ స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తీసి నుదురు కొట్టుకున్నాడు.

కింగ్‌స్టన్ దగ్గర కాఫీకి ఆగాం. "సరే, 2008లో మీ ఫెరారీ డ్రైవరు మాసా కూడా ఒక్క పాయింటుతోనే ఓడిపోయాడు కదా, అతనూ లెక్కలోకి రాడా?" అన్నాను.

అంతే. సింగపూర్ రేసులో మాసా పెట్రోలు గొట్టం తగిలించుకుని బయల్దేరడం దగ్గర మొదలుపెట్టి, ఇంటర్‌లాగోస్ చివరి మలుపులో గ్లాక్‌ను దాటి హామిల్టన్ టైటిల్ ఎగరేసుకుపోవడం దాకా, టొరంటో ట్రాఫిక్ తగిలేవరకూ బావ ఆపలేదు. అసలు ఛాంపియన్ మాసాయేనట. మరి విల్‌నెవ్ సంగతేంటంటే, "అది వేరేరా" అన్నాడు.